దురద వస్తే కుక్కదే తప్పా?

మా ఇంట్లో రెండేళ్ళ కింద అందరికీ దురద మొదలైంది. మొదట మా అత్తమ్మకు నడుం చుట్టూ, లంగా బొందు కట్టే చోట. తర్వాత మా ఆయనకు గజ్జల్లో. ఆఖరికి మా చిన్నోడి మెడ మీద గుండ్రటి మచ్చ. ఇంకేముంది, తీర్పు అయిపోయింది: "ఆ కుక్కతోనే!"

మా రాము ఎనిమిదేళ్ళు మా వాకిట్లో పడుకున్నది. ఒక ఆదివారం మా మరిది దాన్ని ఆటోలో తీసుకపోయి పెబ్బేరు దాటినంక వదిలేసి వచ్చిండు. నేను అడ్డుపడలేదు. ఆ సంగతి దాచుకుని ఇది రాయడం అన్యాయం.

నెల దాటింది. దురద మాత్రం ఎక్కడికీ పోలేదు. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు అందరం పూసుకుంటూనే ఉన్నాం. పూస్తే రెండు రోజులు హాయి, మానేస్తే రెట్టింపు. చివరికి మహబూబ్‌నగర్‌లో చర్మం డాక్టరు దగ్గరికి పోతే ఆమె అడిగిన మొదటి మాట, "ఏం పూస్తున్నారమ్మా?"

అది తామర. ఫంగస్. మా ట్యూబులో ఉన్నదేమో క్లోబెటసాల్ అనే బలమైన స్టెరాయిడ్. అది ఎరుపునూ దురదనూ అణుస్తుంది, దాంతోపాటు చర్మం పోరాడే శక్తినీ అణుస్తుంది. ఫంగస్ నిమ్మళంగా పాకుతుంది. నెలల తరబడి పూస్తే చర్మం పలచబడి, గజ్జల్లో పడిన చారలు మళ్ళీ పోవు. ఇలాంటి స్టెరాయిడ్ లేపనాల్లో 14 రకాలను కేంద్ర ప్రభుత్వం 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మరి "అన్నా, దురదకొక ట్యూబియ్యి" అంటే చాలు, చేతిలో ఎలా పడుతోంది?

కుక్క నుంచి ఏమీ రాదని నేననను. దాని ఒంటి మీద వెంట్రుకలు ఊడి గుండ్రటి మచ్చలుంటే తామర మనకూ అంటుతుంది, దాని గజ్జి కూడా కొన్నాళ్ళు మనల్ని గోకిస్తుంది. రాముకు అవేవీ లేవు. దానికి ఉన్నవి పిడుదులు. పైగా మేం దాన్ని బట్టల సబ్బుతో కడిగేవాళ్ళం, ఫినాయిలు తుడిచిన తడి బండల మీదే పడుకునేది. గోక్కోక ఏం చేస్తుంది? పశువుల దవాఖానకు ఒక్కసారైనా తీసుకపోయామా?

ఇంకో మాట, ఆడవాళ్ళం మనలో మనం. లంగాలూ లోబట్టలూ ఎవరి కంటా పడొద్దని చీర కింద దాచి నీడలో ఆరేస్తాం. సగం తడితోనే కట్టుకుంటాం. ఇంటిల్లిపాదికీ ఒకటే తువ్వాల. దురద ఎక్కడుందో చెప్పడానికి సిగ్గు, అందుకే డాక్టరు కంటే ట్యూబే నయమనిపిస్తుంది. ఈ సిగ్గు మనకు నేర్పిన పెద్దలే కుక్క మీద నేరం మోపారు!

అన్ని దురదలూ తామర కాదులెండి. మన ఖాళీ ప్లాట్ల నిండా పెరిగే వయ్యారిభామతో కనురెప్పలూ మెడా మండేవాళ్ళున్నారు. గద్వాల వైపు సీడు పత్తి చేన్లలో క్రాసింగుకు పోయే ఆడవాళ్ళ చేతులకు పురుగుమందు తగులుతుంది. వాళ్ళందరికీ షాపులో అదే ట్యూబు.

మాకు మందులు వాడి తగ్గడానికి మూడు నెలలు పట్టింది. బట్టలు ఇప్పుడు మిద్దె మీద నడిఎండలో ఆరేస్తున్నా, అత్తమ్మ ఏమన్నా సరే. గద్వాలకు బస్సులో పోయినప్పుడల్లా పెబ్బేరు దాటినంక కిటికీ లోంచి చూస్తుంటాను. మా ఆయన అటు చూడడు.