బటన్ ఉందని బండి తీయకండి

డెల్టా పల్లెల్లో ఇప్పుడు బొలెరోయో, స్కార్పియోయో, ఇన్నోవాయో లేని వీధి అరుదు. దాళ్వా డబ్బు చేతికొచ్చినప్పుడో, చెరువు కలిసొచ్చినప్పుడో, పిల్లలు పైదేశం నుంచి పంపినప్పుడో కొన్న బండ్లివి. అయితే వీటిలో చాలా వాటికి ఏడాది పొడవునా పని ఉండదు. అన్నవరం, ద్వారకా తిరుమల, బంధువుల పెళ్లి, ఎప్పుడైనా ఆసుపత్రి. మిగతా రోజులు రేకుల షెడ్డులోనో, వేపచెట్టు కిందో నిలబడి ఉంటాయి. అందుకే ఆరేడేళ్లు గడిచినా టైరు మీద బటన్ నిండుగానే కనిపిస్తుంది. మార్చమని ఎవరైనా అంటే జవాబు ఒక్కటే. "బటన్ చూడండి, ఇంకో రెండేళ్లు లాగేస్తాయండి."

ప్రమాదం ఈ మాటలోనే ఉంది. లారీ టైరు తిరిగి అరిగిపోతుంది. ఇంటి కారు టైరు నిలబడి ముసలిదవుతుంది. ఎండకు, గాలికి రబ్బరు గట్టిపడి, పక్క గోడల మీద, బటన్ సందుల్లో సన్నటి పగుళ్లు వస్తాయి. అటువంటి టైర్ల మీద సంక్రాంతికో, పెళ్లికో ఇంటిల్లిపాదినీ ఎక్కించి పెద్ద రోడ్డెక్కుతాం. పైగా గాలి చూడం. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకూ మడతపడుతూ వేడెక్కుతుంది. మే నెల ఎండలో, రావులపాలెం దాటాక వందలో పోయే బండికి అది పేలడానికి ఇంకేం కావాలి?

టైరు వయసు తెలుసుకోవడానికి మెకానిక్కు అక్కర్లేదు. పక్క గోడ మీద కోలగా గీసిన గీతలో నాలుగంకెలు ఉంటాయి. 0919 అని ఉంటే 2019వ సంవత్సరం తొమ్మిదో వారంలో తయారైందని అర్థం. ఒక్కోసారి ఈ అంకెలు లోపలి వైపు ఉంటాయి, వంగి చూడాలి. ఐదేళ్లు దాటితే ఏడాదికోసారి జాగ్రత్తగా చూపించుకోవాలి. పగుళ్లు కనిపిస్తే బటన్ ఎంత ఉన్నా తీసెయ్యవలసిందే. కొత్తవి కొనేటప్పుడు కూడా ఈ అంకెలే ముందు చూడాలి. కొట్టులో రెండేళ్లు మూలుగుతున్న సరుకును కొత్త ధరకు ఎందుకు కొనాలి?

ఇక ఏ రకం కొనాలన్నది. ఇక్కడ మన కుర్రాళ్ల ముచ్చట వేరు. పెద్ద పెద్ద గడ్డల్లాంటి బురద టైర్లు, అవీ కంపెనీ ఇచ్చిన దానికంటే వెడల్పువి. పుంత రోడ్డులో పోవాలి కదా అంటారు. ఆ పుంతలోకి కారు ఏడాదికెన్నిసార్లు దిగుతుంది? తక్కిన కాలమంతా తారు, సిమెంటు రోడ్ల మీదే కదా. బురద టైరుకు తారును తాకే రబ్బరు తక్కువ. తడిలో బ్రేకు వేస్తే బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. వెడల్పు టైరు నిలిచిన నీటి మీద తేలడానికి చూస్తుంది, స్టీరింగు తిప్పితే మడ్‌గార్డుకు రాసుకుంటుంది, డీజిలూ ఎక్కువ తాగుతుంది. రోజూ చెరువు గట్టు మీద తిరిగే రైతుకు రెండింటికీ మధ్యరకం టైరు సరిపోతుంది. ఇంటి బండికి మామూలు రోడ్డు టైరే మేలు.

మన రోడ్ల సంగతి వేరే చెప్పాలా? ఊడ్పుల రోజుల్లో ట్రాక్టర్లు చేలో నుంచి నల్లమట్టిని తారు మీదికి ఈడ్చుకొస్తాయి. చిన్న జల్లు పడితే అది సబ్బే. భీమవరం, ఆకివీడు వైపు చేపల లారీల నుంచి నీరు కారుతూనే ఉంటుంది. కోతలయ్యాక సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, బరకాలకు అంచున రాళ్లు పెడతారు. పక్కనే కాలువ, చాలాచోట్ల రెయిలింగు ఉండదు. ఇటువంటి చోట టైరుకు కావలసిన మొదటి గుణం తడి రోడ్డు మీద పట్టు. 2022 జూన్‌లో కేంద్ర రవాణా శాఖ తడిపట్టుకు కనీస ప్రమాణం తప్పనిసరి చేసింది. అప్పటికే మార్కెట్లో ఉన్న రకాలకు అది 2023 ఏప్రిల్ నుంచి వర్తించింది. అంతకు ముందు తయారైన సరుకుకు ఆ నిర్బంధం లేదు. సెకండ్‌హ్యాండ్ టైర్లు వద్దనడానికి ఇదొక కారణం. అవి ఎక్కడ ఏ గోతిలో దెబ్బతిన్నాయో ఎవరికి తెలుసు? రీబటన్ మాట కూడా అంతే. లారీకి వెనుక జంట చక్రాలుంటాయి కాబట్టి ఒకటి పోయినా రెండోది మోస్తుంది. కారుకు ఆ ఆసరా లేదు.

సైజు మాత్రం కంపెనీదే ఉంచాలి. బొలెరోకు 215/75 ఆర్ 15 అంటే వెడల్పు 215 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 75 శాతం, రిమ్ము 15 అంగుళాలు. దాని పక్కన ఉండే అంకె బరువుది. 100 అంటే ఒక్కో టైరు 800 కిలోలు, 95 అంటే 690 కిలోలు మోస్తుంది. ధర తక్కువని బరువు అంకె తగ్గించి కొని, పెళ్లికి పదిమందిని ఎక్కించడం ఎంతమాత్రం సమంజసం కాదు.

నాలుగూ ఒకేసారి మార్చే స్థోమత అందరికీ ఉండదు. రెండే కొంటే కొత్తవి వెనుక వేయించండి. కొట్లో ముందే వేస్తామంటారు, ఒప్పుకోవద్దు. ముందు చక్రాలు జారితే బండి తిన్నగా పోతుంది, కాలు తీస్తే మళ్లీ దారికొస్తుంది. వెనుకవి జారితే బండే గిర్రున తిరుగుతుంది. కాలువ గట్టు మీద తిరిగితే ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు.

ఖర్చు సంగతికొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లులో ఆ మేరకు పన్ను వేశారో లేదో చూసుకోవాలి. బిల్లు వద్దంటే కొంత తగ్గిస్తామనే కొట్లున్నాయి. రేపు టైరు ఉబ్బితే వారంటీకి ఏ కాగితం చూపిస్తారు? బిల్లు మీద టైరు తయారీ అంకెలు కూడా రాసివ్వాలని వ్యాపారులను అడగాలి. రాసివ్వడానికి వారికి అభ్యంతరమెందుకో!

లారీలకు, బస్సులకు ఫిట్‌నెస్ పరీక్షలున్నాయి. సొంత కారుకు పదిహేనేళ్లు నిండేదాకా ఆ ఊసే లేదు. అంతవరకు తనిఖీ అధికారి బండి యజమానే. బటన్ సందుల్లో అడ్డంగా ఉండే చిన్న దిమ్మెల మట్టానికి టైరు అరిగితే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, చట్ట ప్రకారం అదే ఆఖరు. వానల్లో తిరిగే మనం అంతదాకా ఆగకపోవడం మంచిది. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర చీటీ మీద ఉంటుంది. నిండు బరువుకు వేరే అంకె ఉంటుంది, అదీ చూడండి. పెట్రోలు బంకులో గాలికి డబ్బు ఇవ్వనవసరం లేదు.

స్టెప్నీనీ ఒకసారి బయటికి తీయించండి. చాలా బండ్లలో అది కారు కొన్ననాటిదే. దాని అంకెలు ఎవరూ చదవలేదు.