తలుపు పిడి ఏ చేతికి అందుతోంది?



రక్తపోటు గురించో మధుమేహం గురించో చెప్పవలసిన వైద్యుడు తలుపు పిడుల గురించి రాయడమేమిటని మీరు అనుకోవచ్చు. తలుపుకు ఉన్నదీ కీలే, ఒంటికి ఉన్నదీ కీలే. ఒంటి కీలు మొరాయించిన రోజున ఇంటి తలుపు కూడా మొరాయిస్తుందని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

కొన్నేళ్ళ క్రితం పుంగనూరులో, పక్షవాతం నుంచి కోలుకుంటున్న ఒక పెద్దావిడను చూడడానికి ఆమె ఇంటికి వెళ్ళాను. కుడి చెయ్యి, కుడి కాలు బలహీనపడ్డాయి. ఎడమ చేతిలో ఊతకర్ర. నెలలో రెండోసారి జ్వరం, మూత్రంలో మంట. మందు రాసి, నీళ్ళు బాగా తాగమన్నాను. “తాగితే పోవాల కదా సార్, ఆ వాకిలి నాతో అయ్యేది కాదు” అన్నది.

లేచి చూశాను. మరుగుదొడ్డి తలుపుకు గుండ్రటి నాబు. అదీ ఆమెకు కుడివైపున. ఎడమ చేతితో దాన్ని తిప్పాలంటే కర్ర వదలాలి. కర్ర వదిలితే నిలబడలేదు. కనుక సాయంత్రమయ్యేసరికి నీళ్ళు తాగడమే మానేసింది. మూత్రనాళంలో క్రిములు పెరగడానికి అంతకన్నా అనువైన పరిస్థితి ఏముంటుంది? మాత్రలు, వ్యాయామం, ఆహారం అన్నీ కాగితం మీద రాసి ఇచ్చింది నేనే. తలుపు ఏ చేతివైపు ఉన్నదని మాత్రం అడగలేదు.

మెదడులో ఎడమభాగం దెబ్బతింటే శరీరంలో కుడివైపు, కుడిభాగం దెబ్బతింటే ఎడమవైపు చచ్చుబడుతుంది. జబ్బు ఏ చేతిని తీసుకుపోతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. గుండ్రటి నాబుకైతే రెండు పనులు కావాలి: వేళ్ళతో గట్టిగా పట్టుకోవడం, ముంజేతిని మెలితిప్పడం. కీళ్ళవాతం ఉన్నవారికి, బొటనవేలి మొదట్లో కీలు అరిగినవారికి, మణికట్టు విరిగి అతికినవారికి, పార్కిన్సన్స్ వణుకు ఉన్నవారికి ఈ రెండూ కష్టమే. పైగా అరచెయ్యి పైకి వచ్చేలా తిప్పేటప్పుడు దండకండరం సాయపడుతుంది. దానికి ఎదురుదిశలో తిప్పేటప్పుడు ఆ బలం ఉండదు. కాబట్టి కుడి చేతికి సులువైన తిప్పు ఎడమ చేతికి బరువవుతుంది.

అడ్డంగా ఉండే పిడికి ఈ బాధ లేదు. అరచేతితోనో, పిడికిలితోనో, చేతిలో సామాను ఉంటే మోచేతితోనో కిందికి నొక్కితే చాలు. అమెరికాలో వికలాంగుల చట్టం కింద ఉన్న ప్రమాణాలు చెప్పేదీ ఇదే: తలుపు ఒక్క చేతితో తెరుచుకోవాలి, గట్టిగా పట్టుకోవలసిన పనిగాని మణికట్టు మెలితిప్పవలసిన పనిగాని ఉండకూడదు.

అయితే ఇక్కడ ఇంకొక చిక్కు ఉన్నది. వంపు తిరిగిన పిడులు, ఏటవాలు నాలుక ఉన్న తాళాలు చాలావరకు ఎడమ తలుపుకు వేరు, కుడి తలుపుకు వేరు. కుప్పం వంటి మూడు రాష్ట్రాల సరిహద్దు ఊళ్ళో తెలుగులో అడిగినా, తమిళంలో అడిగినా, కన్నడంలో అడిగినా అంగడివాని ప్రశ్న ఒక్కటే: ఎడమా, కుడా? ఇంటి లోపల నిలబడినవానికి ఎడమ అయినది బయట నిలబడినవానికి కుడి. అందుకే మాటతో చెప్పకండి. తలుపును రెండువైపులా ఫోటో తీసి చూపండి. అంతకన్నా మేలు, రెండువైపులకూ సరిపడే రకం కొనడం. అందులో మరను వదులు చేసి పిడిని అటునుంచి ఇటు తిప్పవచ్చు. తాళపు నాలుకను బయటికి లాగి సగం చుట్టు తిప్పి మళ్ళీ పెట్టవచ్చు. రేపు తలుపు బందులను అవతలివైపుకు మార్చవలసి వచ్చినా కొత్తది కొనవలసిన పని ఉండదు.

పిడికీ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం కొత్తగా కనిపెట్టినది కాదు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915లో క్షయ చికిత్సాలయం మొదలైన కాలంలో సరైన మందు లేదు. గాలి, వెలుతురు, విశ్రాంతి, మంచి ఆహారమే వైద్యం. అంటే కట్టడం కూడా చికిత్సలో భాగమే. ఫిన్లాండులో పైమియో అనే చోట 1933లో పూర్తయిన క్షయ చికిత్సాలయానికి శిల్పి ఆల్వార్ ఆల్టో. వైద్యుల కోటు చేతులు తగులుకోకుండా అక్కడి తలుపు పిడులకు ఆయన ప్రత్యేకంగా రూపమిచ్చాడు. మన ఆడవారి చీర కొంగుకూ అదే ప్రమాదం. పిడి కొస తలుపువైపు వంగి ఉన్నదాన్నే ఎంచుకోండి.

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది; ప్రజలు వచ్చిపోయే భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలన్నది. వాలుదారి కట్టి, దాని చివర గుండ్రటి నాబు బిగిస్తే ఆ చట్టం గడప దగ్గరే ఆగిపోయినట్టు. ఆసుపత్రుల్లో నాబులకు కాలం చెల్లాలని, రోగిని ఇంటికి పంపే కాగితంలో “మరుగుదొడ్డి తలుపు ఏ చేతివైపు?” అన్న ఒక్క ప్రశ్న చేర్చాలని నా అభిప్రాయం.

ఖర్చెందుకు, మా ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు కదా అంటారా? ఇల్లు కట్టేటప్పుడు ముప్ఫై ఏళ్ళు చూసుకొని కడతాం. ముప్ఫై ఏళ్ళ తరువాతి మన చేతులను కూడా చూసుకోవాలి. మరుగుదొడ్డి తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల పడిపోయినవారు అడ్డుగా ఉంటే లోపలికి తెరుచుకునే తలుపు కదలదు. గడియ బయటినుంచి కూడా తీయగలిగేది ఉండాలి.

ఆ పెద్దావిడ ఇంటికి వచ్చిన వడ్రంగి మొదట తెచ్చిన పిడి ఆ తలుపుకు తిరగబడింది. మళ్ళీ మదనపల్లెకు పోయి రెండువైపులకూ సరిపడేది తెచ్చి, బందులు కుడివైపుకు మార్చి, తలుపు బయటికి తెరుచుకునేలా బిగించాడు. ఆమె కర్రకు తాడు కట్టి మణికట్టుకు తగిలించుకొని, ఎడమ చేతితో పిడి నొక్కి తనంతట తానే వెళ్ళసాగింది. నీళ్ళు తాగమని నేను మళ్ళీ చెప్పవలసిన అవసరం రాలేదు.

ఈ రోజు మీ ఇంట్లో ఒక పరీక్ష చేయండి. పిడికిలి బిగించి, ముందు కుడి చేతితో, తరువాత ఎడమ చేతితో ప్రతి తలుపూ తెరవండి. తెరుచుకోని తలుపు ఏదో గుర్తుపెట్టుకోండి. మొదట మార్చవలసినది అదే.