మన నీళ్లు ఎక్కడివో ఒకనాడు చూసి రండి

రైతు సోదరులారా, పెళ్లికో, చావుకో, ఆస్పత్రికో కాకుండా ఇంటిల్లిపాదీ కలిసి ఉత్తగనే ఒక దినం ఎక్కడికన్నా పోయి ఎన్నేండ్లయింది? "బర్రెను ఎవరు పిండుతరు, మోటరు ఎవరు పెడతరు" అంటారు. నిజమే. కానీ వానాకాలం నాట్లు పడి, కలుపు తీసి, రెండో దఫా యూరియా చల్లినంక నాలుగు దినాలు సందు దొరుకుతుంది. అందులో ఒక్క దినం ఇంటివాళ్లకు ఇవ్వమని నా మనవి.

ఇందల్వాయి వాళ్లు దూరం పోనక్కర లేదు. డిచ్‌పల్లి గుట్ట మీది రామాలయం పక్క నుంచే వందసార్లు బస్సులో పోయి ఉంటారు. మెట్లెక్కి ఆ రాతి శిల్పాలు చూసినవారు ఎందరు? పొద్దున్నే ఎక్కి, సద్ది తిని, నిజామాబాద్ మీదుగా మధ్యాహ్నానికి అలీసాగర్ చేరవచ్చు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి టికెట్టు లేదు. ఖర్చల్లా మగవాళ్లదే!

అలీసాగర్ అంటే పట్నం వాళ్లకు తోట, గుట్ట, ఫొటోలు. మనం చూడవలసింది నీళ్లు. నిజాంసాగర్ కాలువ చివరి భూములకు నీరు అందకనే కదా, నవీపేట మండలం కోస్లి దగ్గర గోదావరి నీళ్లు ఎత్తిపోసే పథకం అలీసాగర్ పేరున పెట్టవలసి వచ్చింది.

అందక పోవడానికి కారణం కండ్లార చూడాలంటే నిజాంసాగర్‌కు ఇంకో దినం పెట్టుకోండి. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. దాని కింద ఎన్నో ఊళ్లు మునిగాయి. కట్టిననాడు 29 టీఎంసీలకు పైగా పట్టేది. పూడిక పేరుకుని 17.8కి దిగింది. పైన సింగూరు కట్టి హైదరాబాదుకు తాగునీరు తీసుకపోయినంక వచ్చే వరద కూడా తగ్గింది. ఈ లెక్క కాగితం మీద చదివితే ఎక్కదు, కట్ట మీద నిలబడితే ఎక్కుతుంది. మొదటి తూము రైతు, చివరి తూము రైతు ఏటా యాసంగిలో కాలువ మీద తిట్టుకుంటారు. ఆ ఇద్దరూ ఒకే ఆటోలో పోయి చూసి రావాలని నేనంటాను. పోట్లాట ఎవరితో పెట్టుకోవాలో అక్కడ తెలుస్తుంది.

బోధన్ దాకా పోతే శక్కర్‌నగర్ కూడా చూడండి. 1930లలో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లాకౌట్ అయింది. ఒకనాడు మన చెరుకు బండ్లు బారులు తీరిన చోటు. ఐర్లాండు దేశంలో కిల్లార్నీ అనే ఊరి దగ్గర మక్రాస్‌లో సరిగ్గా ఆ 1930, 40ల నాటి కాపుల ఇండ్లు, కొట్టాలు, పనిముట్లు చూపిస్తారు. జనం టికెట్టు కొని మరీ చూస్తారు. వాళ్ల నాగలికి అంత విలువ ఉన్నప్పుడు మన చెరుకు కాటాకు, గానుగ యంత్రాలకు ఎందుకుండదు? తిరిగి నడపాలన్న మాట ఒక పక్క అడుగుతూనే, ఒక్క షెడ్డు అట్ల చూపుడుకు పెట్టమని కూడా రైతులు అడగాలి. తుప్పు పట్టినంక తూకానికి పోతుంది తప్ప పిల్లలకు చూపడానికి ఏమీ మిగలదు.

అట్లనే నిజాంసాగర్ కట్ట మీద పెద్ద తెలుగు బోర్డు కావాలి. ఏ ఊళ్లు మునిగినయి, ఏ కాలువకు ఎంత నీరు, పూడిక ఎంత అన్నది అందులో రాయాలి. షికారుకు వచ్చిన పట్నం వాళ్లు కూడా చదువుతారు. చేపల వేపుడు తిని పోవడమొక్కటే పని కాకుండా ఉంటుంది.

ఇక బర్రె సంగతి. ఈ వారం మీ పాలు పక్కింటివారు పిండితే, వచ్చే వారం వాళ్లవి మీరు పిండండి. గేట్లు ఎత్తారని తెలిస్తే ఆనాడే పోతే బాగుంటుంది, కానీ పిల్లలను నీళ్ల దగ్గరకు పోనియ్యకండి.