ఆరు నెలల విదేశీ పరిశోధన: తలుపు ఎవరికి తెరుచుకుంటోంది?

మచిలీపట్నంలో డచ్చి వర్తకులు స్థావరం ఏర్పరచుకున్నది 17వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో. ఆ తరువాత భీమునిపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం వంటి చోట్లకూ వారి వ్యాపారం విస్తరించింది. తీరాంధ్రలో నేసిన బట్టల ధరలు, దళారులతో బేరసారాలు, స్థానిక అధికారులతో తగాదాలు ఆనాటి కంపెనీ లేఖలలో నమోదయ్యాయి. ఆ కాగితాలు నేడు నెదర్లాండ్స్‌లోని ది హేగ్ నగరంలో, అక్కడి జాతీయ అభిలేఖాగారంలో భద్రంగా ఉన్నాయి. వాటిలో చాలా భాగం అంతర్జాలంలోకి వచ్చిన మాట నిజమే. అయితే 17వ శతాబ్దపు డచ్చి చేతిరాతను చదవడం తెరపై చిత్రాన్ని పెద్దది చేసి చూస్తే అబ్బే విద్య కాదు. తెలిసినవారి పక్కన కూర్చుని నేర్చుకోవలసినది. తీరాంధ్ర నేత చరిత్రపై పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థికి లైడెన్ విశ్వవిద్యాలయంలో గడిపే ఆరు నెలలు విహారయాత్ర కాదు. సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం ఉంటుందా, ఉండదా అన్నది నిర్ణయించే కాలం అది.

ఉన్నత విద్యకై విదేశాలకు వెళ్లడం గురించి మన దేశంలో జరిగే చర్చ అంతా దాదాపుగా పూర్తి డిగ్రీల చుట్టూనే తిరుగుతుంది. స్వదేశీ విశ్వవిద్యాలయంలో నమోదై, కొద్ది నెలలు మాత్రమే బయటి ప్రయోగశాలలోనో గ్రంథాలయంలోనో పనిచేసి తిరిగి వచ్చే పరిశోధక విద్యార్థుల ప్రస్తావన అరుదు. 2021-22 నాటి అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో పీహెచ్‌డీ చేస్తున్నవారు 2 లక్షల 12 వేల పైచిలుకు. 2014-15లో ఈ సంఖ్య 1 లక్షా 17 వేలు. సంఖ్య ఇంతగా పెరిగినప్పుడు వారికి అందుబాటులో ఉన్న బయటి అవకాశాలు ఎటువంటివో పరిశీలించవలసి ఉంది.

అవకాశాలు లేవని అనలేము. ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టొరల్ ఫెలోషిప్ కింద 6 నుంచి 9 నెలలపాటు అమెరికాలో పరిశోధన చేయవచ్చు. జర్మనీకి చెందిన డాడ్ సంస్థ స్వల్పకాలిక పరిశోధనకు సహాయం అందిస్తోంది. 2013లో ఫ్రాన్స్ అధ్యక్షుడు ఫ్రాంస్వా ఓలాండ్ భారత పర్యటన సందర్భంగా మొదలైన రామన్-చార్పాక్ ఫెలోషిప్ ఇరువైపులా పనిచేస్తుంది: మన విద్యార్థులు అక్కడికి, వారి విద్యార్థులు ఇక్కడికి. కేంద్ర విద్యాశాఖ 2018లో ఆరంభించిన స్పార్క్ పథకంలో, ఆమోదం పొందిన ఉమ్మడి ప్రాజెక్టుల ద్వారా విద్యార్థుల రాకపోకలకు వీలు కలిగింది. ఐఐటీ బాంబే, ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం కలిసి 2008లో నెలకొల్పిన పరిశోధనా అకాడమీలోనైతే విదేశంలో కొంతకాలం పనిచేయడం పాఠ్య ప్రణాళికలోనే భాగం. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌కు స్విన్‌బర్న్ విశ్వవిద్యాలయంతో ఇటువంటి ఉమ్మడి డాక్టరేట్ ఏర్పాటు ఉంది.

ఈ జాబితాను కొంచెం నిదానంగా చూస్తే రెండు విషయాలు కనిపిస్తాయి. మొదటిది, సొమ్ములో ఎక్కువ భాగం విజ్ఞాన, సాంకేతిక శాస్త్రాల వైపే ప్రవహిస్తోంది. చరిత్ర, భాష, సమాజశాస్త్రాల వారికి మిగిలేది కొన్ని విదేశీ సంస్థల పోటీ పరీక్షే. రెండవది, సంస్థాగతమైన ఏర్పాట్లు ఐఐటీల వంటి కేంద్ర సంస్థలలో ఉన్నాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయ విద్యార్థికి దారి చూపేది తరచుగా గైడుకు ఉన్న వ్యక్తిగత పరిచయమే. ఆ పరిచయం లేని గైడు వద్ద చేరడం విద్యార్థి చేసిన తప్పు కాదు.

నిబంధనలు ఈ లోటును పూడ్చలేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో విదేశీ సంస్థలతో ఉమ్మడి డిగ్రీలకు నియమావళిని ప్రకటించింది. దాని ప్రకారం ఉమ్మడి డాక్టరేట్‌లో విద్యార్థికి రెండు చోట్లా పర్యవేక్షకులు ఉండాలి, ఒక్కొక్క చోట కనీసం ఒక సెమిస్టర్ గడపాలి, ఒకే సిద్ధాంత గ్రంథం సమర్పించాలి. స్పష్టమైన నియమమే. కానీ నాక్ గుర్తింపులో 3.01 స్కోరు, లేదా జాతీయ ర్యాంకింగులో తొలి 100 స్థానాలలో చోటు, లేదా విశిష్ట సంస్థ హోదా ఉన్నవాటికే ఆ అర్హత. పైగా అది డిగ్రీకి సంబంధించినది. డిగ్రీతో నిమిత్తం లేని నాలుగు నెలల పరిశోధనకు ఏ నియమావళి అవసరమూ లేదు. అవసరం లేకపోవడం స్వేచ్ఛలా కనిపిస్తుంది. ఆచరణలో మాత్రం సెలవు మంజూరు, ఫెలోషిప్ కొనసాగింపు, హాజరు లెక్క వంటి ప్రతి అంశమూ ఒక ఫైలుగా మారి కార్యాలయాల మధ్య తిరుగుతుంది. అంతలో ఆహ్వాన లేఖలోని తేదీ దాటిపోవచ్చు.

కాలం విలువ ఇక్కడ ప్రత్యేకమైనది. పీహెచ్‌డీకి కనీస వ్యవధి 3 ఏళ్లు, గరిష్ఠం 6 ఏళ్లు. తొలి దశ కోర్సువర్కుకు, చివరి దశ రచనకు పోతుంది. బయటికి వెళ్లగలిగేది మధ్యలోని ఏడాది, రెండేళ్లలోనే. ఫుల్‌బ్రైట్ వంటి పోటీలో దరఖాస్తుకూ ప్రయాణానికీ మధ్య ఏడాదికి పైగా పడుతుంది. అంటే విద్యార్థి తన పరిశోధనాంశం పూర్తిగా కుదురుకోక ముందే, అది ఏ దేశంలో ఎవరి దగ్గర పదును పెట్టుకోవాలో తేల్చుకోవాలి. దానికి తోడు వీసా. 2025 మే చివరలో అమెరికా విద్యార్థి, పర్యటక పరిశోధక వీసాల కొత్త ఇంటర్వ్యూల నమోదును కొన్ని వారాలపాటు నిలిపివేసింది. తిరిగి మొదలైనప్పుడు సామాజిక మాధ్యమ ఖాతాల తనిఖీ తోడయింది. నాలుగేళ్ల డిగ్రీకి వెళ్లేవారికి కొద్ది వారాల ఆలస్యం చిరాకు మాత్రమే. ఆరు నెలలకు వెళ్లేవారికి అది మొత్తం అవకాశాన్నే మింగేయగలదు. ఐరోపాలో 90 రోజులు దాటితే షెంగెన్ స్వల్పకాలిక వీసా చాలదు, ఆయా దేశాల జాతీయ వీసా కావాలి. మూడు నెలలకే సర్దుకునే ప్రలోభం అక్కడి నుంచే పుడుతుంది. గది వెతుక్కోవడం, గుర్తింపు కార్డు, ప్రయోగశాల భద్రతా శిక్షణ పోగా మూడు నెలల్లో పనికి మిగిలేది ఎంతో చెప్పనక్కరలేదు.

డబ్బు సంగతి మరింత కఠినం. జేఆర్ఎఫ్ పొందినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు అందుతున్నాయి. నెట్ ఫెలోషిప్ లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో పరిశోధన చేసేవారికి లభించేది 8,000 రూపాయలు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో అదీ లేనివారు ఎందరో. విదేశీ విద్యార్థి జీవనవ్యయానికి జర్మనీ నెలకు 992 యూరోలు చూపమంటోంది. మన లెక్కలో సుమారు లక్ష రూపాయలు. కొన్ని విదేశీ విశ్వవిద్యాలయాలు బెంచ్ ఫీజు పేరిట ప్రయోగశాల రుసుమూ వసూలు చేస్తాయి. పూర్తి ఉపకార వేతనం లేకుండా అవగాహన ఒప్పందం ఒక్కదాన్నే నమ్ముకుని వెళ్లగలిగినవారు కలిగిన కుటుంబాలవారే.

ఇతర దేశాలు దీనిని జాతీయ విధానంగానే చేపట్టాయి. చైనా ప్రభుత్వ స్కాలర్‌షిప్ మండలి స్వదేశంలో నమోదైన డాక్టరేట్ విద్యార్థులను 6 నుంచి 24 నెలలకు బయటికి పంపుతోంది. బ్రెజిల్‌లో దీనికి శాండ్‌విచ్ డాక్టరేట్ అన్న పేరే స్థిరపడింది. పాకిస్తాన్ ఉన్నత విద్యా కమిషన్ తన పరిశోధక విద్యార్థులకు ఆరు నెలల పథకాన్ని నడిపింది. స్పెయిన్‌లో కనీసం 3 నెలలు బయట పరిశోధన చేసినవారి పట్టాపై అంతర్జాతీయ గుర్తింపు ముద్రిస్తారు. ఆ ముద్ర కోసమే వెళ్లేవారూ ఉంటారు. అయినా విద్యార్థి ప్రయాణాన్ని వ్యవస్థ బాధ్యతగా తీసుకోవడం గమనించదగినది.

మన దేశంలోనూ ఒక రాష్ట్రం తన అవసరం ఏమిటో తానే తేల్చుకున్న ఉదాహరణ ఉంది. కేరళ ప్రభుత్వం, కేరళ చరిత్ర పరిశోధన మండలి, లైడెన్ విశ్వవిద్యాలయం, నెదర్లాండ్స్ జాతీయ అభిలేఖాగారం కలిసి కాస్మాస్ మలబారికస్ పేరిట ఒక కార్యక్రమాన్ని చేపట్టాయి. మలబారు తీరపు డచ్చి పత్రాలను చదవగలిగే యువ చరిత్రకారులను తయారుచేయడం దాని ఉద్దేశం. మచిలీపట్నం చరిత్రకు ఆధారమైన కాగితాలూ ఆ కట్టడంలోనే ఉన్నాయి.

తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు, జ్యోతిబా ఫూలే పేరిట బీసీ విద్యార్థులకు గరిష్ఠంగా 20 లక్షల రూపాయలు లభిస్తున్నాయి. ఇవి విదేశీ విశ్వవిద్యాలయంలో కోర్సులో చేరేవారికి ఉద్దేశించినవి. జర్మనీ చూపమంటున్న జీవనవ్యయం ప్రకారం ఆరు నెలలకు అయ్యేది 6 లక్షలు. విమాన ఛార్జీలు, బీమా కలిపితే 7 లక్షలకు అటూ ఇటూ. ఒక డిగ్రీకి ఇచ్చే సొమ్ముతో దాదాపు ముగ్గురు పరిశోధకులు వెళ్లి రావచ్చు. ఉస్మానియాలోనో కాకతీయలోనో నమోదై ఉన్న విద్యార్థికి ఆ దరఖాస్తు పత్రంలో అడ్డుపడేది ఒక్కటే గడి: విదేశీ సంస్థలో ప్రవేశ ధ్రువపత్రం.