ఆ ‘టక్’ శబ్దం వైద్యం కాదు

పోయిన నెల మా అక్కయ్య ఇంట్లో గృహప్రవేశం. భోజనాల దగ్గర డాలస్ నుంచి వచ్చిన మా మేనల్లుడు నా పక్కన కూర్చున్నాడు. ఆరు నెలల కిందట సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న వాడి కారును వెనక నుంచి ఇంకో కారు గుద్దింది. “ఇప్పుడెలా ఉందిరా మెడ?” అని అడిగాను. “బాగుంది మామయ్యా. కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లాను. తల పట్టుకుని ఇటోసారి, అటోసారి తిప్పాడు. టక్‌మంది. జరిగిన ఎముక చోటికి వచ్చేసింది” అన్నాడు.

పంక్తిలో ఉన్నవాళ్లంతా తలలెత్తి చూశారు. ఎదురుగా కూర్చున్న బంధువొకాయనకు మూడేళ్లుగా మెడనొప్పి. హైదరాబాద్‌లో అలా విరిచేవాళ్లు ఎక్కడున్నారని అక్కడికక్కడే వాకబు మొదలుపెట్టాడు. ఇంకొకావిడ ఫోన్ తీసి వీడియో చూపించింది. నెయ్యి వడ్డిస్తున్న కుర్రాడు కూడా ఆగి చూశాడు. శుభకార్యం కదా అని ఆ పూట నోరు మెదపలేదు. ముప్ఫయ్యేళ్లు ఫిజియోథెరపీ చేసి ఎన్నో మెడలు చూసినవాణ్ణి. ఆ పూట మింగిన మాటలు ఇప్పుడు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ముందుగా ఆ ‘జరిగిన ఎముక’ సంగతి. కారును వెనక నుంచి గుద్దితే సీటుతోపాటు మొండెం ముందుకు పోతుంది. తల వెనకబడుతుంది, మరుక్షణం ముందుకు విసురుగా వస్తుంది. కొరడా ఝళిపించినట్టు ఉంటుంది కాబట్టే దానికి విప్‌లాష్ అని పేరు. మెడ కండరాలు సాగుతాయి, పూసలను పట్టి ఉంచే లిగమెంట్లు బెణుకుతాయి, వెనక ఉన్న చిన్న కీళ్లు ఒరుసుకుంటాయి. నొప్పి, బిగుతు, తలపోటు అందుకే. పూసలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. మెడలో పూస నిజంగా చోటు తప్పితే దాని వెనకే వెన్నుపాము ఉంది. అలాంటి మనిషి న్యూరోసర్జన్ చేతిలో ఉంటాడు, పంక్తిలో కూర్చుని బూరెలు తినడు. జరగని ఎముకను చోటికి తెచ్చానని చెప్పి డబ్బు తీసుకోవడం రోగికి చేసే ద్రోహం. నేను దీన్ని మెత్తగా చెప్పలేను.

మరి ఆ శబ్దం ఎక్కడిది? మెటికలు విరిచినప్పుడు వచ్చేదే అది. కీలులో జిగురుగా కొంచెం ద్రవం ఉంటుంది, అందులో వాయువులు కరిగి ఉంటాయి. కీలును ఒక్కసారి లాగితే లోపల ఒత్తిడి పడిపోయి వాయువు బుడగకట్టి శబ్దం వస్తుంది. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు ఒక మనిషి వేళ్లను ఎంఆర్ఐ యంత్రంలో పెట్టి లాగి, శబ్దం వచ్చిన క్షణాన కీలులో ఖాళీ ఏర్పడటాన్ని చిత్రాల్లో పట్టుకున్నారు. ఒకసారి విరిచిన మెటిక ఇరవై నిమిషాల దాకా మళ్లీ విరగదని బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ వాయువు మళ్లీ కరగడానికి పట్టే సమయమది. ఎముక కదలడానికీ ఈ శబ్దానికీ సంబంధం లేదు.

మా అమ్మమ్మ దిష్టి తీసి, మా తల చుట్టూ చేతులు తిప్పి, తన కణతల మీద మెటికలు విరిచేది. ఎంత గట్టిగా పటపటమంటే అంత దిష్టి ఉన్నట్టు. “చూశావా, ఎంత దిష్టి తగిలిందో!” అని మా అమ్మతో అనేది. శబ్దం వింటే లోపలి చెడు పోయిందనే నమ్మకం మన ఇళ్లలో ఎంత పాతదో చెప్పడానికే ఇది గుర్తు చేస్తున్నాను. ఆ నమ్మకాన్ని నేను తప్పుపట్టను. ఆవిడ విరిచింది తన వేళ్లు, నా మెడ కాదు. కానీ మనసులో ఉన్న ఆ పాత నమ్మకాన్ని ఆసరా చేసుకుని ఈ కాలపు వీడియోలవాళ్లు వ్యాపారం చేస్తున్నారు. ఆ వీడియోలు ఎలా తీస్తారో గమనించండి. శబ్దం బాగా వినపడాలని రోగి వీపు దగ్గర మైకు పెడతారు. విరుపు, శబ్దం, రోగి ముఖంలో ఆశ్చర్యం, అంతటితో వీడియో అయిపోతుంది. మర్నాడు ఆ మనిషి ఎలా లేచాడో, నెల తర్వాత ఎలా ఉన్నాడో ఎవరూ చూపించరు.

నాకు ఇంకా బాధ కలిగించేది మా వృత్తిలోని కొత్త కుర్రాళ్లు. నాలుగున్నరేళ్లు చదివి, పరీక్షలు రాసి, ఇంటర్న్‌షిప్ చేసి వచ్చినవాళ్లు బోర్డు మీద ఫిజియోథెరపీ పక్కన కైరో అని రాసుకుంటున్నారు. ఎందుకయ్యా అంటే, “సార్, పేషెంట్లు శబ్దం అడుగుతున్నారు” అంటున్నారు. నిజమే, అడుగుతారు. నన్నూ అడిగారు. అరగంట కూర్చోబెట్టి వ్యాయామం నేర్పిస్తే, “శబ్దం రాలేదేంటండీ?” అని మొహం చిన్నబుచ్చుకుని వెళ్లినవాళ్లున్నారు. అడిగిందల్లా ఇచ్చేది దుకాణం. వద్దని చెప్పడం కూడా వైద్యంలో భాగమే, ఆ మాట చెప్పడానికే మనకు డిగ్రీ ఇచ్చారు.

ఈ కైరోప్రాక్టిక్ విద్య పుట్టుక కూడా తెలుసుకోవాలి. 1895 సెప్టెంబరు 18న అమెరికాలో అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్ ఊళ్లో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన, తన కార్యాలయం ఉన్న భవనంలో పనిచేసే హార్వే లిల్లార్డ్ అనే చెవిటివాడి వెన్నుపూసను నొక్కి సరిచేశాననీ, దాంతో అతనికి వినికిడి వచ్చిందనీ చెప్పుకున్నాడు. పామర్ అంతకుముందు చేసింది అయస్కాంత వైద్యం. చెవి నుంచి మెదడుకు వెళ్లే నాడి పుర్రెలోనే పుట్టి పుర్రెలోనే ముగుస్తుంది, వెన్నుపూసల దారికే రాదు. అయినా ఆయన అక్కడ ఆగలేదు. రోగాల్లో నూటికి తొంభై అయిదు వెన్నుపూసలు చోటు తప్పడం వల్లే వస్తాయని 1910లో పుస్తకమే రాశాడు. ‘సబ్‌లక్సేషన్’ అని వాళ్లు చెప్పేది ఈ చోటు తప్పడాన్నే. ఆ పుస్తకం వచ్చిన నూరేళ్లకు 2010లో బ్రిటన్‌లో కైరోప్రాక్టర్లకు అనుమతులిచ్చే జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిలే, ఈ సబ్‌లక్సేషన్ చారిత్రక భావన మాత్రమేననీ, అది రోగాలకు కారణమని చెప్పడానికి పరిశోధనల ఆధారం లేదనీ ప్రకటించింది. ఇంటిపెద్దే కాదన్న మాటను పట్టుకుని మన పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో ఎముక జరిగిందనీ, చోటికి వచ్చిందనీ చెప్పుకుంటున్నాం.

ఊళ్లో వెదురు బద్దలు పెట్టి, కోడిగుడ్డు సొన రాసి పుత్తూరు కట్టు కట్టేవాళ్లను చదువుకున్నవాళ్లు నాటువైద్యులని చిన్నచూపు చూస్తారు. ఎముక అతకడానికి కదలకుండా ఉంచాలన్న ఇంగితం ఆ కట్టులో ఉంది. అదే చదువుకున్నవాళ్లు తెల్ల కోటు, ఇంగ్లిషు బోర్డు కనబడితే మెడ అప్పగించేస్తారు. మన దేశంలో కైరోప్రాక్టిక్‌కు చట్టబద్ధమైన కౌన్సిలంటూ లేదు. ఎవరు నేర్చుకున్నారో, ఎన్నాళ్లు నేర్చుకున్నారో, ఏదైనా అయితే ఎవరికి చెప్పుకోవాలో తెలియదు.

ఇక నా కోపానికి అసలు కారణం. మెడలో ఏడు పూసలు. వాటి పక్కల్లో చిన్న రంధ్రాలుంటాయి. ఆరో పూస నుంచి పైకి ఒక్కో రంధ్రంలోంచి దూరుకుంటూ అటొకటి, ఇటొకటి రెండు ధమనులు మెదడుకు వెళ్తాయి. మొదటి పూస మీద అవి వెనక్కి వంపు తిరిగి పుర్రెలోకి ప్రవేశిస్తాయి. చిన్నమెదడుకూ, ఊపిరినీ మింగుడునూ నడిపించే మెదడు కాండానికీ రక్తం పోసేవి అవే. తల పక్కకు తిప్పినప్పుడు ఆ తిరుగుడులో సుమారు సగం మొదటి రెండు పూసల మధ్యే జరుగుతుంది. ఆ ధమనులు సాగేదీ అక్కడే. విసురుగా తిప్పితే లోపలి పొర చిరిగి, అక్కడ రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం.

కైరోప్రాక్టర్ అక్కరలేదు, మెడకు పెట్టకూడని వంపు పెడితే చాలు. 2022లో హైదరాబాద్‌లో యాభై ఏళ్ల మహిళ బ్యూటీపార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడిగించుకుంటుండగా కళ్లు తిరిగి, వాంతులయ్యాయి. స్ట్రోక్ అని తర్వాత తేలింది. 2024లో బళ్లారి యువకుడొకరు కటింగ్ షాపులో ఉచితంగా తల మర్దన చేయించుకున్నాడు. చివర్లో మెడ విరిచారు. కొన్ని గంటల్లో మాట పడిపోయి, ఎడమ వైపు బలం తగ్గింది. రక్తనాళం చిరిగిందని డాక్టర్లు చెప్పారు. కటింగ్ షాపులో చేసినా, ఎక్స్‌రేలు తగిలించిన క్లినిక్‌లో చేసినా ధమనికి తేడా తెలియదు.

విప్‌లాష్ తగిలిన మనిషికి ఇంకో ప్రమాదం ఉంది. ఆ గుద్దుడుకే ధమని కొంచెం చిరిగి ఉండవచ్చు. చిరిగినప్పుడు మొదట తెలిసేది మెడనొప్పి, తల వెనక పోటు. అంటే ఏ నొప్పి తగ్గించమని వెళ్తాడో ఆ నొప్పే చీలికకు గుర్తు కావచ్చు. దీనికి కైరోప్రాక్టర్లు కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో 2008లో వచ్చిన అధ్యయనం చూపిస్తారు. స్ట్రోక్ వచ్చినవాళ్లు అంతకుముందు కైరోప్రాక్టర్ దగ్గరికే కాదు, మామూలు డాక్టర్ దగ్గరికీ వెళ్లారు, కాబట్టి తప్పు మాది కాదంటారు. మామూలు డాక్టర్ మెడ విరవడు కదా! ముందే చిరిగి ఉన్న మెడలు మీ బల్ల మీదికి వస్తున్నాయని ఒప్పుకున్నాక కూడా వాటిని విసురుగా తిప్పుతామంటే ఏమనాలి?

ఇది చాలా అరుదంటారు. ఒప్పుకుంటాను, అరుదే. కానీ అందుకు బదులుగా రోగికి దక్కేదేమిటి? మిన్నెసోటాలో 272 మంది మెడనొప్పి ఉన్నవాళ్ల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2012లో వచ్చాయి. మెడ సర్దించుకున్నవాళ్లకు మందులు వాడినవాళ్ల కంటే మేలు కలిగిందని చాటుకుంటారు. అదే పరీక్షలో గంటేసి చొప్పున రెండుసార్లు వ్యాయామం నేర్చుకుని ఇంట్లో చేసుకున్నవాళ్లకూ దాదాపు అంతే మేలు కలిగింది. ఆ ముక్క చెప్పరు.

ఎక్స్‌రేలో మెడ వంపు పోయిందని భయపెట్టడం ఇంకొకటి. ఏ నొప్పీ లేని ఎంతోమంది మెడలు కూడా ఎక్స్‌రేలో నిటారుగానే కనిపిస్తాయి. మా మేనల్లుణ్ణి కైరోప్రాక్టర్ దగ్గరికి పంపింది డాక్టర్ కాదు, ప్రమాదం కేసు చూసిన లాయరు. వారానికి మూడుసార్లు, మూడు నెలలు. ఫీజు నష్టపరిహారం వచ్చాక అందులోంచే. బిల్లు పెరిగితే కేసు బలపడుతుందని వాడికి చెప్పారట. మూడు నెలల్లో మామూలుగానే చాలామందికి విప్‌లాష్ నొప్పి తగ్గిపోతుంది. తగ్గించింది కాలం, పేరు వచ్చింది శబ్దానికి.

ఇంత మాట్లాడేవాళ్లలో ఒక్కరూ కారు సీటు మీది హెడ్‌రెస్ట్ గురించి మాట్లాడరు. అది తల వాల్చి నిద్రపోవడానికి కాదు. గుద్దినప్పుడు తల వెనక్కి విసురుగా పోకుండా ఆపడానికి. దాని పైఅంచు నడినెత్తి ఎత్తున ఉండాలి, తలకు దగ్గరగా ఉండాలి. మన కార్లలో చాలామంది దాన్ని కిందికి దించి మెడ దగ్గర పెట్టుకుంటారు. వెనక సీట్లో కూర్చున్న పెద్దవాళ్ల సంగతైతే అడగనే వద్దు. పైకి లాగడానికి పది క్షణాలు చాలు, పైసా ఖర్చు లేదు.

మరి మెడకు దెబ్బ తగిలాక ఏం చేయాలంటారా? క్యూబెక్ నిపుణుల బృందం 1995లోనే చెప్పింది: ఎముక విరగలేదని తేలాక కాలర్ పెట్టుకుని పడుకోవద్దు, మామూలు పనుల్లోకి వెళ్లండి, మెడను మెల్లగా కదిలించండి. వయసు అరవై అయిదు నిండినా, చేతులు కాళ్లు తిమ్మిరెక్కినా, మెడ అటూ ఇటూ నలభై అయిదు డిగ్రీలు తిరగకపోయినా ముందు ఆసుపత్రిలో స్కాన్. కళ్లు తిరగడం, ఒకటి రెండుగా కనబడటం, మాట తడబడటం, మింగలేకపోవడం ఉంటే ఒక్క క్షణం ఆగకూడదు. మిగతాది మంచి ఫిజియోథెరపిస్టు చూసుకుంటారు. ఎవరికి ఏ వ్యాయామమో మనిషిని చూడకుండా నేను రాయలేను, రాయకూడదు.

గృహప్రవేశంలో వాకబు చేసిన ఆ బంధువు మొన్న మా ఇంటికి వచ్చాడు. గడ్డం లోపలికి లాక్కోవడం, భుజాలు వెనక్కి కలపడం, ఈ రెండూ వరండాలో కూర్చోబెట్టి నేర్పించి రోజుకు మూడుసార్లు చేయమన్నాను. “అంతేనా?” అన్నాడు. “అంతే” అన్నాను. మళ్లీ సోమవారం రమ్మని చెప్పాను. వచ్చేదాకా మెడ మీద ఎవరినీ చేయి వేయనివ్వనని మాట తీసుకున్నాను.