ప్లస్ గుర్తు మీద అంత కోపమెందుకు?

సంపాదకులకు,

గుర్తులకు ప్రోగ్రామరే కొత్త అర్థాలిచ్చుకునే ఆపరేటర్ ఓవర్‌లోడింగ్‌కు చోటివ్వని జావాను మెచ్చుకుంటూ గత సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఆ సౌకర్యాన్ని దుర్వినియోగం చేస్తారన్న భయం పూర్తిగా కొట్టిపారేసేది కాదు. సీ ప్లస్ ప్లస్‌లో బిట్లను జరిపే '<<' గుర్తుకే తెర మీద రాసే పనీ అప్పగించారు. అర్థం మారినా ప్రాధాన్యక్రమం పాతదే. అదే వరుసలో బ్రాకెట్లు లేకుండా '&' రాశామా, కంపైలర్ ఎర్రర్ల దండకం అందుకుంటుంది.

కానీ జావా మాత్రం మడి కట్టుకు కూర్చుందా? స్ట్రింగులను అతకడానికి '+'ను మొదటినుంచీ వాడుకుంటూనే ఉంది. తనకో న్యాయం, ప్రోగ్రామర్‌కో న్యాయం! డబ్బు లెక్కలు రాసేవాళ్ల పాట్లు చూడండి. పైసా తేడా రాకూడదని బిగ్‌డెసిమల్ వాడితే, 'ధర * సంఖ్య + పన్ను' కాస్తా 'ధర.మల్టిప్లై(సంఖ్య).యాడ్(పన్ను)' అయిపోతుంది. ఇంకో డిస్కౌంటు, ఇంకో సెస్సు చేరాయంటే సూత్రం తప్పో ఒప్పో చూసి పోల్చుకోలేం. కోడ్ రివ్యూల్లో నాకిది నిత్యం ఉండే తలనొప్పే. ఇక '=='తో స్ట్రింగులను పోలిస్తే అక్షరాలను కాదు, రెండూ ఒకే ఆబ్జెక్టా అని చూస్తుంది. ఇందులో పడని కొత్తవాళ్లు అరుదు.

పైథాన్ పద్ధతి నాకు నచ్చుతుంది. నమ్‌పై లైబ్రరీ అర్రేల్లో '*' అంటే మూలకానికి మూలకం గుణకారం. మాత్రికల గుణకారానికీ అదే గుర్తు కావాలని పేచీ పడకుండా, 2015లో 3.5 వెర్షన్‌తో '@' తెచ్చారు. పైథాన్ సొంత టైపులేవీ దాన్ని వాడవు, అది లైబ్రరీల కోసమే.

దుర్వినియోగం అంటారా, 'యాడ్' అని పేరు పెట్టి లోపల తీసివేత చేసే ఫంక్షన్‌ను ఏ భాష ఆపింది?

— ఒక పాఠకురాలు, విశాఖపట్నం