పిల్లలకా, పురుగులకా ఈ బువ్వ?

కృష్ణా డెల్టా అంటే అన్నపూర్ణ అని చిన్నప్పుడు పాఠాల్లో చదువుకున్నాం. ప్రకాశం బ్యారేజీ దగ్గర పుట్టిన కాలవలు బెజవాడ నడిబొడ్డున పారుతుంటే ఈ నేలకేం తక్కువ అనుకుంటాం. అదే కాలవగట్ల మీద బతికే పిల్లల్ని దగ్గరకు పిలిచి కంటి కింది రెప్ప లాగి చూడండి. ఎర్రగా ఉండాల్సిన చోట ఎంతమందికి తెల్లగా పాలిపోయి ఉందో! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తం తక్కువ. అంతకు ముందు సర్వేలో 58.6. అంటే పెరిగింది.

దీనికి పాలకులు చూపించిన మందు ఫోర్టిఫైడ్ బియ్యం. ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి తయారుచేసిన గింజల్ని వంద కిలోలకు ఒక కిలో చొప్పున కలిపిన బియ్యమిది. 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని ప్రకటించారు. 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం 2028 డిసెంబరు దాకా పొడిగించింది. మంచిదే, కాదనం. మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బడి భోజనంలో ఇలాంటి బియ్యం పెట్టి చూశారు. పిల్లల ఒంట్లో ఇనుము నిల్వలు పెరిగాయని 2011లో ప్రచురించారు. కానీ ఆ బియ్యం కడుపులో పురుగును చంపుతుందని ఏ శాస్త్రవేత్తా చెప్పలేదు.

లెక్క వేద్దాం. ప్రాథమిక బడి పిల్లాడికి పూటకు వంద గ్రాముల బియ్యం. అందులో కలిపిన ఇనుము మూడు నాలుగు మిల్లీగ్రాములు. దాంట్లో పదో వంతు ఒంటబడితే గొప్ప. ఇక కొంకిపురుగు సంగతి. దీంట్లో చిన్న జాతిదే ఒక్కోటి రోజుకు 0.03 మిల్లీలీటర్ల రక్తం పోగొడుతుంది, పెద్దది అయిదు రెట్లు. వంద చిన్న పురుగులున్న పిల్లాడికి రోజుకు మూడు మిల్లీలీటర్లు, అంటే ఒకటిన్నర మిల్లీగ్రాముల దాకా ఇనుము. పేగు అందులో కొంత తిరిగి పీల్చుకున్నా సరే, పెట్టేదెంత, పోయేదెంత?

పురుగును దింపేది ఆల్బెండజోల్ బిళ్ల. ఉమ్మడి రాష్ట్రంలో 2009లోనే బళ్లలో ఈ మాత్రలు పంచారు. 2015లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, 2016 నుంచి ఫిబ్రవరి 10న దేశమంతా నులిపురుగుల దినం. ఏలికపాము మీద బాగా పనిచేస్తుంది, కొంకిపురుగు మీద చాలావరకు, కొరడాపురుగు మీద అంతంతమాత్రం. అదీ కొన్నాళ్లే. ఎందుకంటే గుడ్లు బయట తడిమట్టిలో ఉంటాయి. మరుగుదొడ్డి లేని గట్టు, నీడ, తేమ, వట్టి కాళ్లు... కొంకిపురుగుకు ఇంకేం కావాలి? పిల్లది అరికాలి చర్మంలోంచే లోపలికి పోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు జనం రోజుల తరబడి మురుగులోనే నడిచారు. బియ్యం మూటలు దీనికి ఏం జవాబు చెబుతాయి? మందు ఒక్కటే చాలదు, మరుగుదొడ్డి కావాలని వందేళ్ల కిందట మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వాళ్లే చెప్పారు.

మనవాళ్ల శ్రద్ధంతా పేర్ల మీద. 2020లో 'జగనన్న గోరుముద్ద', 2024లో 'డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం'. బోర్డులు మార్చడానికున్న తీరిక, ఆ గింజలేమిటో వంట చేసే అక్కలకు చెప్పడానికి లేకపోయింది. వేరే రంగులో కనబడితే ప్లాస్టిక్ బియ్యమని పుకారు పుట్టింది. ఏరి పారేసిన వాళ్లున్నారు. వాళ్ల తప్పేముంది? పొగలో వండే ఆ అక్కల గౌరవ వేతనం 2019లో వెయ్యి నుంచి మూడు వేలైతే అదే పెద్ద వార్త!

బూట్లు కూడా ఇచ్చారు, ఒప్పుకుందాం. కొంకిపురుగుకు అడ్డం పడే వస్తువుల్లో అదొకటి. కానీ అవి బడి వరకే. సాయంత్రం గూట్లో పెట్టి పిల్లాడు వట్టి కాళ్లతో గట్టు దిగుతాడు. అక్కడ మరుగుదొడ్డి కట్టమంటే ఆక్రమణ స్థలమంటారు. ఓట్లప్పుడు ఆ మాట ఎవరూ అనరేం?

విద్యార్థి మిత్రులకు, ఉపాధ్యాయ ఉద్యోగులకు ఒక్క మాట. ఈసారి ఫిబ్రవరి 10న మీ దగ్గరి బడికి వెళ్లండి. మాత్ర జేబులో వేసుకోకుండా మీ ముందే నమిలించండి. ఆ రోజు బడికి రాని పిల్లల పేర్లు రాసుకోండి. కొద్ది రోజులకే మిగిలినవాళ్లకు మళ్లీ ఇస్తారు. ఆ జాబితా పట్టుకుని గట్టు మీదికి వెళ్లండి. వెళ్లినప్పుడు ఎన్ని ఇళ్లకు మరుగుదొడ్డి లేదో కూడా లెక్క రాసుకొచ్చి మున్సిపల్ కమిషనర్ బల్ల మీద పెట్టండి.